హూఈజ్ 2014 అంటోంది, ఆ పత్రికను నేను 2006లోనే చదివాను: డొమైన్ పేరు తొలి నమోదు తేదీని నిర్ధారించడం ఎలా?

పాతసంచిక (ప్రశ్న):

మిత్రులకు నమస్కారం.

ఆగిపోయిన వెబ్ సాహిత్య పత్రికల వివరాలతో ఒక పట్టికను రెండేళ్లుగా కూరుస్తున్నాను. ప్రతి పత్రికకూ సంపాదకుల పేర్లు, తొలి సంచిక, చివరి సంచిక, వెబ్ చిరునామా, ఆ చిరునామా నమోదైన తేదీ ఇవ్వాలని నియమం పెట్టుకున్నాను. అచ్చు పత్రికకైతే అట్ట మీదే నెలా సంవత్సరమూ ఉంటాయి. పత్రిక ఆగిపోయినా ఎవరో ఒకరి బీరువాలో ఒక ప్రతి మిగులుతుంది. వెబ్ పత్రిక ఆగిపోయి, సర్వర్ అద్దె కట్టేవారు లేకపోతే, చూపించడానికి అట్ట కూడా మిగలదు. అందుకే డొమైన్ నమోదు తేదీని గట్టి ఆధారంగా భావిస్తూ వచ్చాను.

ఇప్పుడు ఒక పత్రిక దగ్గర పని ఆగిపోయింది. దాని చిరునామా డాట్ కామ్‌తో ముగుస్తుంది. హూఈజ్‌లో (డొమైన్ నమోదు వివరాలు చూపే సేవలో) వెతికితే నమోదు తేదీ 2014 మార్చి 6 అని వస్తోంది. కానీ ఆ పత్రికలో వచ్చిన ఒక కథను నేను 2006లో చదివాను; దాని గురించి నోట్సు రాసుకున్న పుస్తకంలో తేదీ కూడా ఉంది. డొమైన్ వయసు చెప్పే ఒక సైటులో చూస్తే అదీ 2014 అనే చెప్పింది. అలాంటిదే మరొక సైటు 2001 అంటోంది. పత్రిక నడిపినవారేమో 2005లో మొదలుపెట్టామని ఒక వ్యాసంలో రాసుకున్నారు. ఒకే పేరుకు మూడు సంవత్సరాలు వస్తున్నప్పుడు పట్టికలో ఏది వేయాలి? ప్రస్తుతం ఆ చిరునామాలో పత్రికతో ఏ సంబంధమూ లేని ప్రకటనలు మాత్రమే కనిపిస్తున్నాయి.

రెండో సందేహం చిన్నది. మరొక పత్రిక ఒక ఉచిత బ్లాగు వేదిక మీద, ఆ వేదిక పేరుకు ముందు తన పేరు చేర్చుకొని నడిచింది. దాన్ని వెతికితే ఆ వేదిక నమోదు తేదీయే వస్తోంది. ఆ బ్లాగు మొదలైన తేదీని హూఈజ్ నుంచి రాబట్టే దారి ఏదైనా ఉందా?

తప్పు తేదీ ఒకసారి పట్టికలోకి ఎక్కితే దాన్ని చూసి పదిమంది ఎత్తి రాసుకుంటారు, ఆ తరువాత దిద్దడం ఎవరి వల్లా కాదు. ఆలస్యమైనా సరే, పద్ధతి తెలుసుకొనే రాయాలని అడుగుతున్నాను.

నామావళి (జవాబు):

పాతసంచిక గారూ, మీకు వచ్చిన మూడు సంవత్సరాలూ నిజమే కావచ్చు. హూఈజ్ చూపే నమోదు తేదీ ఆ పేరు పుట్టిన తేదీ కాదు; రిజిస్ట్రీ (డాట్ కామ్ వంటి ఒక ముగింపు కింది పేర్లన్నిటి జాబితాను ఉంచే సంస్థ) దగ్గర ఇప్పుడు అమలులో ఉన్న నమోదు మొదలైన తేదీ. పేరు ఒకటే అయినా, ఒక నమోదు రద్దయ్యాక మరొకటిగా దాని మీద ఎన్ని నమోదులైనా వచ్చి ఉండవచ్చు. రద్దయిన నమోదు తేదీని రిజిస్ట్రీ ఆ తరువాత ఎవరికీ చూపించదు.

డాట్ కామ్ వంటి సాధారణ డొమైన్లలో గడువు ముగిసిన రోజునే పేరు చేజారిపోదు. మొదట రిజిస్ట్రార్‌కు (మన తరఫున పేరును నమోదు చేసి ఇచ్చే సంస్థకు) గరిష్ఠంగా 45 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఈలోగా యజమాని డబ్బు కట్టక, రిజిస్ట్రార్ ఆ పేరును తొలగించమని కోరితే, మరో 30 రోజుల విమోచన గడువు మొదలవుతుంది. ఆ రోజుల్లో అదనపు రుసుము కట్టి పాత యజమాని దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే 5 రోజులు తొలగింపు వరుసలో ఉండి, ఆపై పేరు ఎవరైనా తీసుకోవడానికి వీలుగా ఖాళీ అవుతుంది. అలా ఖాళీ అయిన పేరును ఎవరు తీసుకున్నా, చివరికి పాత యజమానే మళ్లీ తీసుకున్నా, రికార్డులో కొత్త తేదీయే పడుతుంది. గడువులోగా రెన్యూవల్ చేసినా, ఒక రిజిస్ట్రార్ నుంచి మరొకరి దగ్గరకు బదిలీ చేసినా మాత్రం నమోదు తేదీ మారదు. అప్పుడు మారేవి గడువు తేదీ, చివరిసారి సవరించిన తేదీ. ఈ మూడు తేదీలూ పక్కపక్కనే ఉండడం వల్ల ఒకదానికి బదులు మరొకటి రాసుకోవడం తరచుగా జరిగే పొరపాటు. మీ పట్టికలోని పాత నమోదులను కూడా ఒకసారి సరిచూసుకోండి.

ఇక ఎక్కడ వెతకాలన్నది. మధ్యవర్తి సైట్లను వదిలి నేరుగా మూలానికి వెళ్లండి. హూఈజ్ 1982 నాటి ప్రమాణపత్రంతో మొదలైన పాత పద్ధతి. ఒక్కొక్క రిజిస్ట్రీ తనకు తోచిన వరుసలో, తనకు తోచిన మాటలతో జవాబు ఇచ్చేది. ఈ లోపాన్ని సరిదిద్దుతూ 2015లో ఆర్‌డీఏపీ (నమోదు వివరాలను ఒకే తీరున అందించే కొత్త పద్ధతి) ప్రమాణాలు వచ్చాయి. 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ వంటివాటికి హూఈజ్ సేవను నడపవలసిన బాధ్యత ఎవరి మీదా లేదు, ఆర్‌డీఏపీ మాత్రం తప్పనిసరి. డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ వారి లుకప్ పేజీ (లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఓఆర్‌జీ) ఆర్‌డీఏపీ ద్వారానే వివరాలు తెస్తుంది. ఆ జవాబులో నమోదు, గడువు, చివరి మార్పు అనే సంఘటనలకు విడివిడిగా పేర్లు ఉంటాయి. వాటితో పాటు డేటాబేస్‌ను చివరిసారి తాజా పరచిన సమయం కూడా ఒకటి కనిపిస్తుంది. అది మీరు వెతికిన రోజుకు చెందినదే తప్ప డొమైన్ చరిత్రకు చెందినది కాదు. 2018 మే 25న ఐరోపా గోప్యతా చట్టం అమలులోకి వచ్చాక యజమానుల పేర్లు, చిరునామాలు చాలావరకు మరుగునపడ్డాయి కానీ తేదీలు ఇప్పటికీ బయటికే కనిపిస్తాయి.

సమయం విషయంలో ఒక మాట. అక్కడ చూపే గంటలు సార్వత్రిక సమయంలో ఉంటాయి కనుక, మీ గడియారం ప్రకారం తేదీ ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. పాత డాట్ కామ్ పేర్లలో మరొక విశేషం ఉంది. ఉదాహరణల కోసం కేటాయించిన ఎగ్జాంపుల్ డాట్ కామ్ నమోదు 1995 ఆగస్టు 14, 04:00 గంటలు అని ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలో వేసవిలో అర్ధరాత్రి అయ్యే వేళ అదే. చలికాలపు నమోదులకు 05:00 అని కనిపిస్తుంది. అంటే ఆ రోజుల్లో తేదీ మాత్రమే నమోదైంది, గంట తరువాత వచ్చి చేరింది. అలాంటి చోట గంటా నిమిషమూ పట్టికలోకి ఎక్కించకండి.

దేశాల డొమైన్లకు ఒకే నియమం లేదు. జర్మనీ డాట్ డీఈ రిజిస్ట్రీ చివరి మార్పు తేదీని మాత్రమే బయటపెడుతుంది, నమోదు తేదీని చూపదు. డాట్ యూకేలో బాగా పాత పేర్లకు తేదీకి బదులు '1996 ఆగస్టుకు ముందు' అనే మాటే ఉంటుంది, ఎందుకంటే ఇప్పటి రిజిస్ట్రీ నామినెట్ బాధ్యత తీసుకున్నది ఆ ఏడాదే. తెలిసినంత మేరకే చెప్పే ఆ మాట నాకు ఎంతో నచ్చుతుంది, మీ పట్టికకు కూడా అది పనికివచ్చే నమూనా.

మీ రెండో ప్రశ్నకు జవాబు: దారి లేదు. రిజిస్ట్రీకి తెలిసింది వేదిక పేరు మాత్రమే. దాని ముందు చేరే పేర్లను వేదిక యజమాని తన సర్వర్లలో తానే పెట్టుకుంటారు. ఆ బ్లాగులోని తొలి టపా తేదీని ఆధారం చేసుకోండి, అయితే చాలా వేదికలలో టపా తేదీని రాసినవారే వెనక్కి మార్చుకోగలరని గుర్తుంచుకోండి.

భాండాగారం (జవాబు):

నామావళి గారు రిజిస్ట్రీ వైపు అంతా వివరించారు కనుక, రిజిస్ట్రీ బయట దొరికే ఆధారాల గురించి రాస్తాను. పాత వెబ్ పుటలను సేకరించి భద్రపరచడం నాకు చాలాకాలంగా ఉన్న వ్యాపకం.

మీకు 2001 అని చెప్పిన సైటు చాలావరకు వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామాకు ఉన్న మొట్టమొదటి ప్రతి తేదీని చూసి, దానికే డొమైన్ వయసు అని పేరు పెట్టి ఉంటుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి వెబ్ పుటలను సేకరిస్తోంది, 2001లో వేబ్యాక్ మెషీన్ పేరుతో వాటిని అందరికీ తెరిచింది. అక్కడ 2001 నాటి ప్రతి ఉన్నదంటే, ఆనాటికి ఆ పేరును ఎవరో నమోదు చేసుకొని ఉన్నారన్నది దాదాపు తిరుగులేని ఆధారం. అయితే ఆ ఎవరో మీ పత్రికవారేనని అది చెప్పదు. దయచేసి ఆ ప్రతిని తెరిచి చదవండి. 'త్వరలో రానున్నది' అనే ఖాళీ పుటో, పేరు అమ్మకానికి ఉందన్న ప్రకటనో, వేరొకరి వ్యాపారమో కావచ్చు.

తెరిచినప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు రెండు. భద్రపరచిన ఆ ప్రతి యొక్క వెబ్ చిరునామాలో ఉండే 14 అంకెల సంఖ్యను రాసుకోండి. సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను వరుసగా అందులో ఉంటాయి, సేకరించిన సమయానికి అదే గుర్తు. రెండోది ఎక్కువమంది గమనించనిది: పుటలోని పాఠ్యం ఆ సమయానిదే అయినా, అందులో కనిపించే బొమ్మలు, చట్రాలు వేరే రోజున, ఒక్కోసారి వేరే ఏడాదిలో సేకరించినవి అయివుంటాయి. ముఖచిత్రం మీద తేదీ చూసి పుటకు తేదీ నిర్ణయిస్తే మోసపోతాం. పుట అడుగున ఉండే కాపీహక్కు సంవత్సరాన్ని కూడా నమ్మవద్దు, చాలా సైట్లలో అది ప్రతి జనవరిలో దానంతట అదే మారుతుంది.

ముఖపుటతో ఆగకండి. మొదటి పేజీ ప్రతి దొరకని కాలానికి కూడా లోపలి కథ ఒకటి, కవిత ఒకటి భద్రమై ఉండవచ్చు. ఆ డొమైన్ కింద సేకరించిన చిరునామాలన్నిటి జాబితాను ఆర్కైవ్ చూపిస్తుంది. తేదీ వరుసలో పెట్టి పైనుంచి చూసుకుంటూ రండి.

భద్రతా సర్టిఫికెట్ల బహిరంగ చిట్టాలు కూడా కొందరు చూడమంటారు. సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అనే చోట వెతకవచ్చు. కానీ ఆ చిట్టాల ప్రమాణం వచ్చిందే 2013లో కనుక మీ పత్రిక కాలానికి అవి పనికిరావు.

నా అనుభవంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది మనుషుల పాత ఉత్తరాల పెట్టెలే. 2003లో ఐకాన్ పెట్టిన నియమం ప్రకారం ప్రతి రిజిస్ట్రార్ ఏడాదికి ఒకసారైనా యజమానికి అతని నమోదు వివరాలను పంపి, తప్పులుంటే దిద్దుకోమని కోరాలి. ఆ జ్ఞాపికలలో నమోదు తేదీ, గడువు తేదీ కూడా ఉండడం మామూలు. ఎవరూ చదవకుండా వదిలేసే ఉత్తరం అది, తొలగించకపోతే ఇరవై ఏళ్లైనా పెట్టెలో అలాగే పడి ఉంటుంది. పత్రిక నడిపినవారిని వెతికి, డొమైన్ ఎవరి పేరు మీద ఉండేదో అడిగి, ఆ ఏళ్లలోని మెయిళ్లలో డొమైన్ పేరు పెట్టి వెతకమనండి.

న్యాయదీపిక (జవాబు):

పై రెండు జవాబులూ సరైనవే. అయితే వాటి నుంచి ఒక తప్పు నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది కనుక ఈ సవరణ చేరుస్తున్నాను. డొమైన్ వివాదాల కాగితాలు తయారుచేయడం నా పని. అక్కడ ఈ తేడా మీదే ఫలితం ఆధారపడుతుంది.

పేరు ఖాళీ అయి మళ్లీ నమోదైతే తేదీ మారుతుందన్నారు, నిజం. దీనికి తలకిందులుగా, తేదీ మారలేదు కనుక యజమాని కూడా మారలేదని అనుకోకూడదు. గడువు దాటిన పేర్లను పూర్తిగా తొలగించక ముందే, వెసులుబాటు రోజుల్లోనే వేలంలో అమ్మే రిజిస్ట్రార్లు ఎందరో ఉన్నారు. అలా కొన్నవారి చేతికి పేరుతో పాటు పాత నమోదు తేదీ కూడా వస్తుంది. నేరుగా కొనుగోలు చేసినా అంతే. డాట్ కామ్‌లో మొట్టమొదట నమోదైన సింబాలిక్స్ డాట్ కామ్ 2009లో చేతులు మారింది, అయినా దాని తేదీ నేటికీ 1985 మార్చి 15. ఫేస్‌బుక్ డాట్ కామ్ రికార్డు 1997 మార్చి 29 అంటుంది. ఆ సంస్థ పుట్టిందే 2004లో, అదీ వేరే పేరుతో, ఈ పేరును 2,00,000 డాలర్లు పెట్టి కొన్నది 2005లో. గూగుల్ డాట్ కామ్ 1997 సెప్టెంబరు 15న నమోదైతే సంస్థ చట్టబద్ధంగా ఏర్పడింది మరుసటి ఏడాది.

1999లో ఐకాన్ ఆమోదించిన వివాద పరిష్కార విధానంలో, పేరును దురుద్దేశంతో నమోదు చేశారా అన్నది తేల్చేటప్పుడు మధ్యవర్తులు సాధారణంగా చూసేది రికార్డులోని నమోదు తేదీని కాదు, ఇప్పటి యజమాని చేతికి ఆ పేరు వచ్చిన తేదీని. రెన్యూవల్‌ను కొత్త నమోదుగా లెక్కించరు. అంటే డొమైన్ పేరుకు తేదీలు కనీసం మూడు: ఆ అక్షరాలను ఎవరైనా మొట్టమొదట నమోదు చేసిన రోజు, ఇప్పటి నమోదు మొదలైన రోజు, ఫలానా వ్యక్తి చేతికి అది వచ్చిన రోజు. పాతసంచిక గారూ, మీ పట్టికకు కావలసింది వీటిలో మూడోది అనుకుంటున్నాను. తొలి నమోదు తేదీ కోసం మీరు శ్రమపడి 2001ని నిర్ధారించినా, అది పత్రిక చరిత్రలో భాగం కాకపోవచ్చు.

డబ్బు వెచ్చించగలిగితే, హూఈజ్ రికార్డులను ఏళ్ల తరబడి దాచి ఉంచి అమ్మే సంస్థలు ఉన్నాయి, డొమైన్‌టూల్స్ వాటిలో ఒకటి. వారి దగ్గర దొరికేది వారు ఆ పేరును చూసిన రోజుల నకళ్లు మాత్రమే, రిజిస్ట్రీ చరిత్ర మొత్తం కాదు. అయినా రద్దయిపోయిన నమోదు తేదీ అందులో అచ్చంగా కనిపించవచ్చు.

పాతసంచిక:

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పిన వరుసలోనే వెళ్లాను, పదిహేను రోజులు పట్టింది.

ఆర్‌డీఏపీలో కూడా నమోదు 2014 మార్చి 6 అనే ఉంది. వేబ్యాక్ మెషీన్‌లో తొలి ప్రతి 2001 మే నెలది. తెరిచి చూస్తే సంగీత వాయిద్యాలు అమ్మే ఒక దుకాణం త్వరలో రాబోతోందన్న పుట. 2002లో కూడా అదే పుట, ఆ తరువాత మూడేళ్లపాటు ఏమీ లేదు. 2006 ఫిబ్రవరి నుంచి పత్రిక పుటలు మొదలవుతున్నాయి. చిరునామాల జాబితాను తేదీ వరుసలో చూస్తే, ముఖపుట కన్నా రెండు నెలల ముందే, 2005 డిసెంబరులో, లోపలి కవిత ఒకటి సేకరించబడి ఉంది. భాండాగారం గారు చెప్పకపోతే ముఖపుట దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

సంపాదకులలో ఒకరిని ఉమ్మడి మిత్రుల ద్వారా పట్టుకోగలిగాను. ఆమె తన పాత మెయిళ్లలో వెతికి, 2008లో రిజిస్ట్రార్ నుంచి వచ్చిన వార్షిక జ్ఞాపికను నాకు పంపారు. అందులో నమోదు తేదీ 2005 సెప్టెంబరు 19 అని స్పష్టంగా ఉంది. నడిపే ఓపిక లేక 2013లో రెన్యూవల్ ఆపేశామని, ఏడాది తిరగకుండానే ఆ పేరు మీద ప్రకటనలు చూసి చాలా బాధపడ్డామని చెప్పారు. నామావళి గారి లెక్క ప్రకారం 2013 సెప్టెంబరు 19న గడువు ముగిస్తే, 45, 30, 5 కలిపి 80 రోజులు, అంటే డిసెంబరు 8 ప్రాంతానికి పేరు ఖాళీ అయి ఉండాలి. మార్చిలో కొత్త నమోదు జరగడానికి ఇది సరిపోతోంది.

పట్టికలో ఇలా రాద్దామనుకుంటున్నాను: 'డొమైన్‌ను పత్రిక నమోదు చేసుకున్నది 2005 సెప్టెంబరు 19 (2008 నాటి రిజిస్ట్రార్ జ్ఞాపిక ఆధారంగా). ఇదే పేరు 2001 మే నాటికే వేరొకరి వాడుకలో ఉంది. ప్రస్తుత నమోదు 2014 మార్చి 6 నాటిది, దానికి పత్రికతో సంబంధం లేదు.' ఇందులో ఏమైనా లోపముంటే చెప్పండి. పట్టికలోని మిగతా పత్రికల తేదీలన్నీ కూడా మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను. ఇప్పటికే నాలుగింటిలో గడువు లేదా సవరణ తేదీని నమోదు తేదీగా రాసినట్టు తేలింది.

న్యాయదీపిక:

చాలా బాగుంది. ఒక్క మార్పు సూచిస్తాను. '2001 మే నాటికే' అన్నచోట వేబ్యాక్ ప్రతి 14 అంకెల సంఖ్యను కూడా చేర్చండి, చదివినవారు తామే తెరిచి చూసుకోగలుగుతారు. జ్ఞాపిక విషయంలో, సంపాదకురాలు అనుమతిస్తే, ఆ మెయిల్‌ను శీర్షభాగంతో సహా పూర్తి ఫైలుగా తీసుకొని దాచండి. స్క్రీన్ చిత్రం కన్నా దానికి విలువ ఎక్కువ, ఎప్పుడు, ఏ సర్వర్ నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. అందులో ఆమె ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కూడా ఉండి తీరుతాయి కనుక ఫైలును మాత్రం ప్రచురించవద్దు.